ముగ్గు పడిన రోజుకే కిరాయి

లాల్‌పేట్‌లో గని భోంగా, పాళీ మారే సైరన్, మోగేసరికి ఆగమ్మ వాకిళ్లు ఊడ్చడం అయిపోయేది. బోరు కింద బకెట్ నింపి, అందులో గుప్పెడు పేడ కలిపి, ముందు తన ఇంటి ఎదుట, ఆ తర్వాత పక్కనే వరుసగా ఉన్న తన ఆరు ఒంటిగది కిరాయి ఖోలీల ఎదుట సానుపు చల్లేది. వంగి ఒక్కో గడప ముందు ఒక చిన్న ముగ్గు వేసేది. నాలుగు చుక్కలు, చుట్టూ ఒక మెలిక గీత, నడుమ చిటికెడు పసుపు. పెద్ద ముగ్గులు కూడా ఆమెకు వచ్చు. కానీ వాకిళ్లు ఏడు, నడుము ఒక్కటి. బొగ్గు లారీలు తిరిగే బాట కనుక పగలు ఎక్కేకొద్దీ ఆ తెలుపు మీద నల్లటి పొడి పేరుకొనేది. మరునాడు ఆమె మళ్లీ కడిగి, మళ్లీ వేసేది. ఎవరూ లేని ఖోలీ ఎదుట మాత్రం ఊడ్చి నీళ్లు చల్లి వదిలేసేది. అక్కడ ముగ్గు వేసేది కాదు.

ఆ ముగ్గే ఆమె కిరాయి లెక్క.

తాళంచెవి చేతిలో పెట్టేటప్పుడే కొత్తవాళ్లకు చెప్పేది. "నీ గడప ముందట ముగ్గు పడ్డ దినానికే కిరాయి బిడ్డా. పడని దినానికి ఒక్క పైస వద్దు." నెల కిరాయి రెండు వేల నాలుగు వందలు. దాన్ని ముప్పై భాగాలు చేస్తే రోజుకు ఎనభై. నెల నడుమ వచ్చినా, నెల నడుమ వెళ్లినా ఆ ఎనభై చొప్పునే. ముప్పై ఒకటో తారీఖు ఉన్న నెలల్లో ఆ చివరి రోజు ముగ్గు వేసేది గాని పైసలు తీసుకొనేది కాదు.

"ఆ దినం మహాకాళి తల్లిది" అనేది.

"మరి ఫిబ్రవరిల దినాలు తక్కువైతయి గదనే. తల్లి మనకు బాకీ పడ్డట్టేనా?" అని మంచం మీది నుంచి ఆమె భర్త బాపయ్య అడిగేవాడు.

"తల్లితోని లెక్కలు వెట్టుకునెటోనివి లోకంల నువ్వొక్కనివే. లేసి చాయ్ తాగు."

బాపయ్య గనిలో పనిచేసి దిగిపోయినప్పుడు వచ్చిన సొమ్ముతోనే ఆ ఆరు ఖోలీలు కట్టారు. ఆయన పింఛను ఆయన దగ్గుమందులకు పోయేది. ఇల్లు గడిచేది ఖోలీల మీదనే.

మరాఠీవాళ్లూ తెలుగువాళ్లూ కలిసి ఉండే మా గల్లీలో అందరికీ ఒకటే కాయిదా ఉండేది. ఇరవై ఎనిమిదో తారీఖున దిగినా ఆ నెలకు నిండు కిరాయి, మూడో తారీఖున ఖాళీ చేసినా ఆ నెలకు నిండు కిరాయి. ఇక్కడికి వచ్చేవాళ్లేమో నెల చూసుకొని వచ్చేవాళ్లు కారు. కరెంటు కార్ఖానాలో మరమ్మతులు జరిగినన్నాళ్లు ఉండి పోయే వెల్డర్లు, సిమెంటు కంపెనీలో బదిలీ మీద వచ్చేవాళ్లు, లారీల మీద తిరిగేవాళ్లు. వాళ్ల పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో వాళ్లకే తెలియదు.

ఆగమ్మకు ఆ బాధ తెలుసు. పెళ్లైన కొత్తలో విరూర్ దగ్గరి పల్లె నుంచి మొగుడి వెంట వచ్చి, నెలాఖరున ఒక ఖోలీలో దిగింది. నాలుగు రోజులకు నెల కిరాయి కట్టింది. ఒకటో తారీఖు రాగానే మళ్లీ నెల కిరాయి. పుట్టింటివాళ్లు పెట్టిన వెండి కడియాలు ఆ వారంలోనే గోల్ బజారులో అమ్ముకుంది. ఆ ఇంటాయనను మాత్రం ఆమె తిట్టగా నేనెప్పుడూ వినలేదు. "పాపం, ఆయనకు గట్ల తప్ప ఇంకెట్ల తీస్కోవాల్నో ఎవలూ చెప్పలే" అనేది.

మూడో ఖోలీలో ప్రేమ్ అనే గడ్డపు వెల్డరు ఉండేవాడు. ఒక వానాకాలం వాళ్ల ఊళ్లో తల్లి చనిపోతే తాళం వేసుకొని వెళ్లి, కర్మలు ముగించుకొని వచ్చాడు. ఆగమ్మ ఆ మైల దినాలన్నీ అతని గడప ముందు ముగ్గు వేయలేదు. నెల నిండాక అతను నిండు కిరాయి తెచ్చిస్తే కొన్ని నోట్లు వెనక్కి ఇచ్చేసింది.

"ఏందమ్మ గిది? నా సామాన్ లోపల్నే ఉండె. తాళం నా జేబులనే ఉండె."

"ఉంటే ఉండె. తల్లి పోయిన బిడ్డ వాకిట్ల ముగ్గెట్లేస్త? ముగ్గు లేని దినానికి పైసలెట్ల తీస్కుంట?"

ప్రేమ్ ఆ నోట్లు జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఎవరూ అడగకుండానే ఆమె ఇంటి రేకుల గేటుకు ఊడిపోయిన కొక్కెం అతికించిపెట్టాడు.

ఎదురుగా రెండు వరుసల ఖోలీలు ధనరాజ్‌వి. మనిషి చెడ్డవాడు కాడు. హనుమాన్ గుడిలో శనివారం ప్రసాదం ఖర్చు ఆయనదే. కానీ కిరాయి దగ్గర మాత్రం ఒకటో తారీఖు దాటి ఆలోచించేవాడు కాదు. తన కిరాయిదారులు వచ్చి "గా ఆగమ్మ దినాల లెక్కన తీస్కుంటది, మీరెందుకు తీస్కోరు సేట్?" అని అడిగిన ప్రతిసారి ఆయనకు ఒళ్లు మండేది.

ముందటేడు ఎండల్లో గల్లీ నల్లా ఎండిపోయింది. ఆగమ్మ బోరు వేయించుకోవాలనుకుంటే చేతిలో సొమ్ము లేదు. అప్పిచ్చినవాడు ధనరాజే. గుడి ముందు నిలబడి షరతు కూడా చెప్పాడు.

"పాడ్వా నాటికి నా పైసలు ముట్టాలె అక్కా. ముట్టకుంటే ఖోలీలు నీయే, కిరాయి వసూలు మాత్రం నాది. నా కాయిదా ప్రకారం తీస్కుంట, నెలకు నెల. నీ హిస్సా నీకిస్త."

"ముట్టకుంటే గద" అంది ఆగమ్మ.

ఆ మాట మీద ఆమె నెలనెలా తీరుస్తూ వచ్చింది. ఫాల్గుణం వచ్చేసరికి పన్నెండు వేలు మిగిలాయి. ఆ ఏడు పాడ్వా, మన ఉగాది, నెలాఖరున పడ్డది. ఆరు ఖోలీలూ నిండి ఉన్నాయి. ఆ నెల కిరాయి చేతికి వస్తే బాకీ తీరి, ఉగాది పచ్చడికి బెల్లం కూడా వస్తుందని బాపయ్య లెక్కేశాడు.

అప్పుడు పద్మాపూర్‌లో బాపయ్య అన్న కాలం చేశాడు.

ఇద్దరూ వెళ్లి, దహనం చూసుకొని, స్నానాలు చేసి ఇల్లు చేరారు. పది దినాలు మైల. దేవుని గూట్లో దీపం లేదు. మరునాడు భోంగాకు ముందే ఆగమ్మ అలవాటున లేచి కూర్చుంది, కానీ ముగ్గు బుట్ట ముట్టలేదు. వాకిళ్లు ఊడ్చి, ఉత్త నీళ్లు చల్లి లోపలికి వచ్చింది. అన్నేళ్లలో ఏడు వాకిళ్లూ ఒక్కసారే బోసిగా ఉండడం మేము చూడలేదు.

ధనరాజ్ స్కూటర్ ఆపాడు. "ఏంది అక్కా, ఇండ్లన్ని ఖాళీ అయినట్టు కనవడుతున్నయి?"

"మా అన్న పోయిండు తమ్మీ" అన్నాడు బాపయ్య.

ధనరాజ్ స్కూటర్ దిగాడు. తల మీది టోపీ తీసి చేతులు జోడించాడు. ఆ మర్యాద ఆయనకు ఉంది. తర్వాత వెళ్లబోతూ వాకిళ్లవైపు ఇంకోసారి చూశాడు.

"మరి గీ దినాల కిరాయి ఎట్ల అక్కా?"

"తీస్కోను" అంది ఆగమ్మ గడప లోపలి నుంచి.

"అరే బాప్‌రే! ఆరు ఖోలీలది?"

"ఆరింటిదీ. అందరికీ ఒక్కటే మాట చెప్పిన."

"పది దినాలు పోతే నీకు పన్నెండు వేలు యాడికెళ్లి వస్తయి? నీ కాయిదనే నిన్ను ముంచుతున్నది సూడు. నేను ముంచుతలే, అది యాదుంచుకో." ఆయన గొంతులో సంతోషం లేదనను. కొంచెం జాలి కూడా ఉంది. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండగలవు.

స్కూటర్ వెళ్లిపోయాక బాపయ్య అందుకున్నాడు. "మైల మనకు గాని కిరాయిదార్లకు గాదు గదనే? వాళ్లు లోపల పండుతున్నరు, నీళ్లు పట్టుకుంటున్నరు, ఫ్యాన్లు తిప్పుకుంటున్నరు. పైసలు తీస్కుంటే తప్పేంది?"

"ప్రేమ్ తాన ఎందుకు తీస్కోలే మరి? ఆయన సామాన్ గూడ లోపల్నే ఉండె."

"ఆయన ఊర్ల లేకుండె."

"నేను ఆయనకు ఊరు సంగతి చెప్పలే, ముగ్గు సంగతి చెప్పిన. వాళ్ల ఇంట్ల చావైతే ఒక లెక్క, మన ఇంట్ల చావైతే ఒక లెక్కనా?"

బాపయ్య దగ్గుతూ తల గోక్కున్నాడు. "పోనీ, రెండో ఖోలీ రజినికి చెప్పు. ఆ పిల్లకు మైల లేదు, మంచిగ రంగోళీ వేస్తది. ఆరిండ్ల ముందట వేయమను."

"నోటితోని అడిగి వేయించుకుంటే కిరాయి అడుక్కున్నట్టే గదయ్య" అంది ఆగమ్మ. "నా మాటకు నేనే సందు వెతుక్కుంటే, రేపు వాళ్లు నా మాట ఎందుకు నమ్మాలె? ధనరాజ్ తీస్కుంటే తీస్కోనీ. తల్లి చూస్తది."

ఆమె అలా అన్నది గాని, ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. ఖోలీలు చేజారతాయని కాదు ఆమె దిగులు. ఇకముందు ఆ గడపల మీద నెల నడుమ దిగే పిల్లలు మళ్లీ కడియాలు అమ్ముకోవలసి వస్తుందని.

ఈ మాటలన్నీ జరిగింది బోరుకు నాలుగడుగుల దూరంలో. బోరు దగ్గర రెండు బిందెలు పెట్టుకొని రజిని నిలబడి ఉంది. సిమెంటు కంపెనీలో పనిచేసే శ్రావణ్‌కుమార్ భార్య. బిందెలు నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఆమె నల్లా కట్టలేదు.

మరునాడు ఇంకా చీకటి ఉండగానే బయట నీళ్లు చల్లిన చప్పుడైంది. ఆగమ్మ కల అనుకుంది. తర్వాత ఎవరో కసిరారు.

"ఆహా, ఏం చల్లుడయ్య! నా చీర తడిపినవు. జరా పక్కకు చల్లు!"

"నీళ్లు చల్లుడు గూడ నేర్చుకోవాల్నా? కంపెనీల మాకిది నేర్పలే" అని శ్రావణ్‌కుమార్ గొంతు.

ఆగమ్మ తలుపు తీసి గడప మీద నిలబడింది.

రజిని తన గడప ముందు కూర్చొని మరాఠీవాళ్ల తీరుగా పెద్ద తామరపువ్వు రంగోళీ వేస్తోంది. పక్క ఖోలీ ఎదుట ప్రేమ్ మోకాళ్ల మీద కూర్చొని ఉన్నాడు. ఇనుప రేకు కోసే ముందు గుర్తులు పెట్టుకొనే తెల్లసుద్ద ముక్క అతని చేతిలో ఉంది. దానితో చతురస్రంలో చతురస్రం, అందులో ఇంకో చతురస్రం గీస్తున్నాడు. చివరి ఖోలీలో ఉండే లారీ క్లీనర్లు ముగ్గురు గోధుమపిండితో ఏదో పువ్వు లాంటిది వేశారు. అప్పుడే దానికి చీమలు పట్టాయి. మిగతా గడపల ముందు కూడా ఎవరికి వచ్చిన గీత వాళ్లు గీశారు. ఒకటి చక్రంలా ఉంది, ఒకటి చపాతీలా ఉంది. ఆగమ్మ సొంత వాకిలిని మాత్రం ఎవరూ ముట్టలేదు. దాన్ని ఊడ్చి, నీళ్లు చల్లి, మైల ఇంటి వాకిలి ఎలా ఉండాలో అలా వదిలారు.

"ఎవలు చెప్పిండ్రు మీకు?" అంది ఆగమ్మ.

"ఎవలూ చెప్పలే అత్తా" అంది రజిని తల ఎత్తకుండా. "బోరు కాడ చెవులు మూసుకొని నీళ్లు పడుతమా?"

"నా మీద దయతోని వేస్తుండ్రా? గట్లయితే వద్దు. తుడిపేయండ్రి."

ప్రేమ్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "దయ ఎక్కడిదమ్మ? నా తల్లి పోయిన్నాడు ముగ్గు లేకుంటే కిరాయి లేదన్నవు. నేను ఒప్పుకున్న. ఇయ్యాల ముగ్గుంది, కిరాయి ఉంది. నువ్వు ఒప్పుకోవాలె. కాయిదా నువ్వు పెట్టిందే."

మంచం మీది నుంచి బాపయ్య మెడ సాచి చూశాడు.

"ఏందిరా ప్రేమ్, అది ముగ్గా, తలుపు చేసెటందుకు గీసిన నక్షనా?"

"నాకొచ్చింది గింతే బాపయ్య కాకా. గాని కొలత పక్క. నాలుగు మూలలూ గుణ్యా మట్టం పెట్టి చూసుకో."

"చీమలకు గూడ భోజనం పెట్టిండ్రు" అంటూ ఆగమ్మ క్లీనర్ల గడపవైపు చూసి నవ్వింది. బావ పోయిన ఇంట్లో నవ్వకూడదని గుర్తొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనుక ఆమె కళ్లు తడిసి ఉన్నాయి. తర్వాత "నిన్నటి దినం మాత్రం ముగ్గు లేకుండె. దానికి నేను తీస్కోను, ముందే చెప్తున్న" అంది.

"తీస్కోకు అత్తా! ఆ దినం మాకు సుట్టి" అన్నాడు శ్రావణ్‌కుమార్.

అట్లా మైల తీరేదాకా ఒక్క పొద్దూ తప్పలేదు. ప్రేమ్ రాత్రిపాళీ చేసి వచ్చిన పొద్దున కూడా హెల్మెట్ తీయకుండానే గీసి, తర్వాత నిద్రపోయాడు. క్లీనర్లు లారీ మీద వెళ్లవలసిన రోజు తమ గడప రజినికి అప్పగించి పోయారు. ఒకరి గీత వంకరైతే ఇంకొకరు నవ్వేవారు, నవ్వినవాళ్లే వచ్చి సరిచేసేవారు. ఆగమ్మ రోజూ గడప మీద నిలబడి ఆ వరుసంతా చూసి, లోపలికి వెళ్లి, దీపం లేని దేవుని గూటికే దండం పెట్టుకొనేది. ధనరాజ్ రోజూ స్కూటర్ నెమ్మది చేసేవాడు. నాలుగో రోజుకు ప్రేమ్ వేసిన చతురస్రం మీద చక్రం పడకుండా పక్కనుంచి పోవడం మొదలుపెట్టాడు.

పదకొండో నాడు ఇల్లు కడిగి, తలంటుకొని, ఆగమ్మ మళ్లీ ముగ్గు బుట్ట పట్టింది. ఏడు వాకిళ్లకూ వేసింది. ప్రేమ్ గడప ముందు మాత్రం నాలుగు చుక్కల చుట్టూ ఒక చతురస్రం కూడా గీసింది.

పాడ్వా వచ్చింది. గల్లీలో మరాఠీవాళ్ల ఇళ్ల మీద గుడీ కర్రలు లేచాయి. పట్టుబట్ట, వేపరెమ్మ, చక్కెర దండ, పైన బోర్లించిన రాగి చెంబు. మనవాళ్ల ఇళ్లలో పచ్చడి వాసన. తెల్లారేసరికి కిరాయిదారులు ఒక్కొక్కరే వచ్చి ఆ నెల కిరాయి ఇచ్చిపోయారు. బోసి వాకిలి నాటి ఎనభై రూపాయలు ఎవరికి వాళ్లే తీసేసుకొని మరీ ఇచ్చారు, ఆమె గొడవ పెట్టుకుంటుందని తెలుసు కనుక.

ధనరాజ్ కొత్త కుర్తా తొడుక్కొని వచ్చాడు. ఆగమ్మ పసుపు కుంకుమ పెట్టిన పళ్లెంలో పన్నెండు వేలూ ఉంచి ముందు పెట్టింది. ఆయన లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"పైసలేం దేవుడు గాదు, ఎన్నిసార్లు మొక్కుతవు?" అన్నాడు బాపయ్య. "పూరాగ ఉన్నయి. జేబుల వెట్టుకో."

వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. క్లీనర్లు ఈలలు వేశారు. రజిని గబగబా అందరికీ పచ్చడి గిన్నెలు అందించింది. ధనరాజ్‌కు కూడా ఒకటి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, పులుపుకో చేదుకో ముఖం ముడిచి, తర్వాత తనే నవ్వాడు.

"అక్కా, ఒక మాట. నీ ఖోలీలు ఖాళీగుంటయి, నువ్వే నా తాన్కి వస్తవు అనుకున్న. ఇయ్యాల నాయి మూడు ఖాళీ. నీది ఒక్కటన్న లేదు. ఎట్లనే?"

"నాకేం తెల్వదు తమ్మీ. పోయినోళ్లే ఇంకొకలకు చెప్పి పంపుతున్నరు."

ధనరాజ్ తన వరుసలవైపు తిరిగి చూశాడు. ఆ పొద్దున ఆయన కిరాయిదారులు కూడా గడపగడపకూ రంగోళీలు వేశారు. అది పండుగ కోసం వేసినదో, ఆయనకు చూపించడానికి వేసినదో చెప్పడం కష్టం. ఆయన కూడా అదే ఆలోచిస్తున్నట్టు కనిపించింది.

ఆయన స్కూటర్ తాళం తీస్తుండగా ఆగమ్మ వెంట వెళ్లింది. ధనరాజ్ వరుసలో హరికృష్ణ అని ఒక గుమాస్తా ఉండేవాడు. భార్య బాలింత. అతనికి బదిలీ అయింది. వచ్చే నెల నాలుగో తారీఖు దాకా ఉండి, అయిదో తారీఖు పొద్దునే సామాను ఎత్తుకొని పోవాలి. ఆ నాలుగు రోజులకు నెల కిరాయి ఎక్కడ తేవాలా అని ఆ బాలింత బోరు దగ్గర కళ్లు తుడుచుకోవడం ఆగమ్మ చూసింది.

"తమ్మీ, పండుగ పూట ఒకటి అడుగుత, కాదనకు."

"ఏంది చెప్పు."

"నా కాయిదా నువ్వు పెట్టుకోమంటలే. నీ ఖోలీలు, నీ ఇష్టం. గా హరికృష్ణ ఒక్కని తాన మాత్రం, ఈ ఒక్కపారి, ఉన్న దినాలకే తీస్కో." చేతిలోని ముగ్గు బుట్టను కొంగుతో తుడుస్తూ ఆగమ్మ అంది. "నీకు లెక్క తప్పుతదని బుగులొద్దు. ఆ నాలుగు పొద్దులు ఆళ్ల గడప ముందట ముగ్గు నేనొచ్చి వేస్త."